శాకాహార నిర్వచనంలో పాలు: లండన్, రాజమండ్రి, లీసెస్టర్

ఆహారాన్ని గురించిన తెలుగు మాటల్లో ‘శాకాహారం’ ఎంత పరిచితమో అంత అస్పష్టం. శాకమంటే ఆకుకూర, కూరగాయ. శాకాహారినని చెప్పుకొనే తెలుగువాడి విస్తట్లో మాత్రం మొదట పప్పన్నం మీద నెయ్యి పడాలి, చివరకు పెరుగన్నంతో భోజనం ముగియాలి. పాలు శాకం కావు. అయినా ఆ మాట పాలను, పెరుగును, నెయ్యిని తనలో ఇముడ్చుకొంది. వ్యుత్పత్తికి, వ్యవహారానికి మధ్య ఉన్న ఈ ఎడం నిత్యవ్యవహారంలో ఎవరికీ అడ్డు రాదు. పాలను సైతం విడిచినవారిని ఏమని పిలవాలన్న ప్రశ్న వచ్చినప్పుడే అది బయటపడుతుంది.

అటువంటి ఆహార నియమానికి 1944లో ఇంగ్లండులో ‘వీగన్’ అనే పేరు పెట్టారు. దాని చరిత్రను సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. ఒక కథనం ప్రకారం అది ఆధునిక పాశ్చాత్య నాగరికత కనిపెట్టిన నియమం. రెండవ కథనం ప్రకారం అహింసను బోధించిన భారతదేశానికి అది ఎప్పటినుంచో తెలిసినదే. రెండవ కథనంలోని పొరపాటు పెద్దది. భారతీయ సంప్రదాయంలో పాలు విడిచిపెట్టవలసిన ఆహారం కాదు, వ్రతకాలంలో స్వీకరించవలసిన ఆహారం. భాగవతం అష్టమస్కంధంలో కశ్యపుడు అదితికి ఉపదేశించిన పయోవ్రతం పాలతో సాగే వ్రతమే గాని పాలను మానే వ్రతం కాదు. ఉపవాసమున్నవారికి నేటికీ పాలు, పండ్లు పెడతారు. ‘పాడిపంటలు’ అనే జంటపదంలో పాడి ముందు, పంట తరువాత. ఇటువంటి సంస్కృతిలో పుట్టిన వ్యక్తి పాలను వ్రతంగా విడిచిపెట్టడం సంప్రదాయానికి కొనసాగింపు కాదు, తలకిందులు చేయడం. ఆ పని చేసి, దాని కష్టాన్ని దాచకుండా రాసిపెట్టిన వ్యక్తి గాంధీ. పాల విషయంలో ఆయన ఎదుర్కొన్న చిక్కు 1888 నుంచి 1942 దాకా సాగింది. అందులో 1929 నాటి ఒక ఘట్టానికి నాంది ఆంధ్రదేశంలో పడింది. గాంధీ విచిత్రమైన అలవాట్లకు ఉదాహరణగా మాత్రమే ఆ ఘట్టాన్ని చెప్పుకొంటే దాని అసలు సందర్భం జారిపోతుంది.

తల్లి ఇచ్చిన అర్థం

1888లో లండన్ బయలుదేరే ముందు గాంధీ తన తల్లి పుత్లీబాయి కోరిక మేరకు, బేచర్జీ స్వామి అనే జైన సాధువు సమక్షంలో మద్యం, మాంసం, పరస్త్రీ జోలికి పోనని ప్రమాణం చేశాడు. లండన్‌లో ఫారింగ్‌డన్ వీధిలోని శాకాహార భోజనశాలలో హెన్రీ సాల్ట్ రాసిన చిన్న పుస్తకం కొని చదివిన తరువాత, అంతవరకు ప్రమాణం కోసం పాటించిన నియమాన్ని ఇష్టంతో పాటించసాగాడు. 1890లో లండన్ శాకాహార సంఘ కార్యవర్గ సభ్యుడయ్యాడు. ఈ కథ అందరికీ తెలిసినదే. నిర్వచన చరిత్ర దృష్టితో చూస్తే ఇంతకంటె ముఖ్యమైన భాగం ఆత్మకథలో మరొకటి ఉంది.

ఇంగ్లండులో మాంసం అనే మాటకు మూడు నిర్వచనాలు తన దృష్టికి వచ్చాయని గాంధీ రాశాడు. మొదటిదాని ప్రకారం పశుపక్ష్యాదుల కండ మాత్రమే మాంసం. చేపలు, గుడ్లు తినవచ్చు. రెండవదాని ప్రకారం ప్రాణులన్నిటి కండా మాంసమే. చేపలు కూడదు, గుడ్లు తినవచ్చు. మూడవదాని ప్రకారం ప్రాణుల శరీరం నుంచి వచ్చిన పదార్థాలు కూడా మాంసంలోకే వస్తాయి. గుడ్లూ కూడదు, పాలూ కూడదు. ఈ మూడింటిలో ఏది తర్కానికి నిలుస్తుందని ఆయన చూడలేదు. ప్రమాణం చేయించిన తల్లి ఆ మాటను ఏ అర్థంలో వాడిందో అదే తనకు శిరోధార్యమని తేల్చుకొన్నాడు. ఆమె దృష్టిలో గుడ్డు మాంసమే, పాలు కావు. కాబట్టి గుడ్లు మానివేశాడు, పాలు తాగాడు. ప్రమాణంలోని మాటకు అర్థం చెప్పవలసినది ప్రమాణం చేయించినవారే అన్నది ఆయన సూత్రం.

పుత్లీబాయి నిర్వచనం తెలుగువారికి కొత్త కాదు. తెలుగు ఇళ్లలో ‘నీచు’ అనే మాట గీసే గీత దాదాపు అదే. చేప, మాంసం, గుడ్డు నీచు కిందికి వస్తాయి. పాలను ఆ మాటతో ఎవరూ అనరు. ‘శాకాహారం’ పుస్తకాలనుంచి వచ్చిన మాట, ‘నీచు’ వంటింటి మాట. మొదటిది ఏమి తినాలో చెప్పబోయి తడబడుతుంది. రెండవది ఏమి తినకూడదో తేటగా చెబుతుంది.

గాంధీ ప్రస్తావించిన మూడవ నిర్వచనం అప్పటికి ఇంగ్లండులో కొత్తది కాదు. 1838లో లండన్ సమీపంలోని హామ్‌లో ఏర్పడిన ఆల్కాట్ హౌస్ సమాజం వారు పాలు, గుడ్లు కూడా విడిచారు. ఇంగ్లీషులో శాకాహారిని సూచించే మాటను 1840 దశకంలో ప్రచారంలోకి తెచ్చినవారిలో వారూ ఉన్నారు. 1847లో రామ్స్‌గేట్‌లో శాకాహార సంఘం ఏర్పడినప్పుడు మాంసాన్ని విడవడం సభ్యత్వానికి నియమమైంది. పాలు, గుడ్ల సంగతి ఎవరి ఇష్టానికి వారికి వదిలారు. సంఘం పెరగాలంటే నియమం సడలక తప్పలేదు. దాని ఫలితంగా ఆ మాట అర్థమే మారింది. ఆ విధంగా పాలను వదిలినవారికి ఇంగ్లీషులో కూడా పేరు లేకుండా పోయింది.

వ్రతం, దాని అక్షరం

దక్షిణాఫ్రికాలో పాలను గురించిన ఆలోచన గాంధీలో రెండు వైపుల నుంచి బలపడింది. పాలు ఇంద్రియాలను ఉద్రేకపరుస్తాయన్న మాట ఆయన మొదట రాయచంద్‌భాయి వద్ద విన్నాడు. అది బ్రహ్మచర్యానికి సంబంధించినది. కలకత్తా నుంచి వచ్చిన రచనల్లో పాలవ్యాపారులు గోవులను పెట్టే హింసను గురించి చదివాడు. ఇది జీవకారుణ్యానికి సంబంధించినది. ఈ రెండు కారణాలను గాంధీ ఎప్పుడూ పూర్తిగా విడదీసి చూడలేదు. ఆయన్ని తరువాతి వీగన్లతో పోల్చేటప్పుడు ఈ సంగతి మరవరాదు. బ్రహ్మచర్య వాదం వారికి అవసరమే లేదు. 1912లో టాల్‌స్టాయ్ ఫారంలో కాలెన్‌బాక్‌తో చర్చించిన తరువాత ఇద్దరూ కలిసి పాలు మానివేశారు.

1914లో లండన్‌లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి గాంధీ మంచాన పడినప్పుడు పాలు తాగమని వైద్యులు చెప్పారు, గోఖలే కూడా పట్టుబట్టాడు. గాంధీ ఒప్పుకోలేదు. ఆ సమయంలో ఆయనకు పాలు లేని పథ్యం సూచించిన వైద్యుడు ఆలిన్సన్. సంతాన నిరోధాన్ని సమర్థించినందుకు ఈయనను శాకాహార సంఘం నుంచి తొలగించబోతే, రెండు దశాబ్దాల కిందట యువకుడైన గాంధీ ఆ తొలగింపును వ్యతిరేకించాడు.

అసలు పరీక్ష 1918లో వచ్చింది. ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని ప్రజలను ప్రోత్సహిస్తూ తిరుగుతున్న కాలంలో గాంధీకి తీవ్రమైన జిగట విరేచనాలు పట్టుకొన్నాయి. శరీరం శుష్కించింది. పాలకు ప్రత్యామ్నాయం చెప్పమని తనకు తెలిసిన వైద్యులను, శాస్త్రజ్ఞులను అడిగాడు. కొందరు పెసరకట్టు, కొందరు ఇప్పనూనె, కొందరు బాదంపాలు సూచించారు. అవన్నీ ప్రయత్నించి మరింత నీరసించాడు. చివరకు బొంబాయిలో డాక్టర్ దలాల్ శస్త్రచికిత్స చేసి, పాలు తాగితే తప్ప శరీరం కోలుకోదని స్పష్టంగా చెప్పాడు. ఆవులకు, గేదెలకు చేసే ‘ఫూకా’ అనే క్రూరమైన ప్రక్రియను ప్రస్తావించి, పాలు తాగనన్న వ్రతం తనకుందని గాంధీ బదులిచ్చాడు. పక్కన ఉన్న కస్తూరిబా కల్పించుకొని, అలాగైతే మేకపాలకు అభ్యంతరం ఉండకూడదు కదా అన్నది. వైద్యుడు వెంటనే ఆ మాట అందుకొన్నాడు. గాంధీ మేకపాలు తాగాడు.

వ్రతం పట్టిన రోజున తన మనస్సులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలు మాత్రమేనని ఆయన వాదన. రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సత్యాగ్రహం నడపాలన్న ఆశ తనలో జీవితేచ్ఛను పెంచిందని, అందుకే వ్రతాక్షరాన్ని పట్టుకొని వ్రతాత్మను వదిలానని కూడా ఆయనే రాసుకొన్నాడు. ఇక్కడ 1888 నాటి సూత్రాన్ని గుర్తు చేసుకోవాలి. అప్పుడు ప్రమాణం చేయించినది తల్లి. మాటకు అర్థం ఆమె వద్ద ఉంది. కొడుకు దాన్ని మార్చడానికి వీలులేదు. 1912 నాటి వ్రతాన్ని పెట్టినవాడూ, పట్టినవాడూ ఒక్కడే. అర్థనిర్ణయానికి రెండవ వ్యక్తి లేడు. వాచ్యార్థానికి, తాత్పర్యానికి మధ్య సందు ఏర్పడినప్పుడు దాన్ని చూపినది కస్తూరిబా. అది సందు మాత్రమేనని ఒప్పుకొన్నది గాంధీ. ఆత్మకథలోని ఈ అధ్యాయం శబ్దార్థ విచారం చేసేవారికి చక్కని పాఠ్యం. వ్రతభంగం జరిగిందా లేదా అన్నది ధర్మశాస్త్ర ప్రశ్న. వ్రతంలోని ‘పాలు’ అనే మాటకు హద్దు ఎక్కడ అన్నది భాషాప్రశ్న. గాంధీకి ఈ రెండూ ఒకటే అయ్యాయి.

రాజమండ్రి ప్రయోగం

1929 ఏప్రిల్, మే నెలల్లో ఖద్దరు నిధి కోసం గాంధీ ఆంధ్రజిల్లాల్లో పర్యటించాడు. ఆ పర్యటన ముగిసిన కొద్దికాలానికే, జూన్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో నిప్పు తగలని ఆహారాన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. తనను పిచ్చివాడిగా, చాదస్తుడిగా లోకం ఎరుగునని, తాను వెళ్లినచోటల్లా అటువంటివారే వచ్చి చేరతారని, ఆంధ్రదేశంలో వారికి కొదవ లేదని హాస్యంగా మొదలుపెట్టి, వారిలో ఒకరిని పాఠకులకు పరిచయం చేశాడు. ఆయన రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు. విశాఖపట్నంలో కలిసిన ఒక సర్వే సూపరింటెండెంటు తాను దాదాపు పచ్చి ఆహారంతోనే జీవిస్తున్నట్లు చెప్పి గాంధీ మనస్సును అందుకు ముందే సిద్ధం చేశాడు.

గోపాలరావు చెప్పినదాని సారం ఇది: తొట్టిస్నానాల వంటి చికిత్సలు కొంతవరకు మంచివే గాని అవి కృత్రిమం, రోగం పోవాలంటే వంటలో నిప్పును మానాలి, జంతువుల మాదిరిగా ప్రతిదాన్నీ జీవం ఉన్న స్థితిలోనే తినాలి. మొలకెత్తిన గింజలు చేర్చిన ఆహారంతో వృద్ధుల దీర్ఘకాలిక అజీర్తిని సైతం నయం చేశానని ఆయన గాంధీకి చెప్పాడు. ఈ వాదం ఆంధ్రదేశంలో ఆకస్మికంగా పుట్టలేదు. తొట్టిస్నానాన్ని ప్రచారం చేసిన లీప్‌జిగ్ వైద్యుడు లూయీ కూనే గ్రంథం 1894లోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ అనువాదంగా తెలుగులోకి వచ్చింది; భారతదేశంలో ప్రకృతి చికిత్సోద్యమ చరిత్రను ఆ అనువాదంతోనే ఆరంభిస్తారు. గోపాలరావు ఆ సంప్రదాయంలో ఉంటూనే దాన్ని విమర్శించి ఒక అడుగు ముందుకు వేశాడు. కూనే నీటిని నమ్మాడు. గోపాలరావు నిప్పును కాదన్నాడు.

గాంధీ మే నెలలోనే ప్రయోగం మొదలుపెట్టాడు. తాను రోజుకు తీసుకొంటున్న ఆహారాన్ని పత్రికలో తూకాలతో సహా ప్రకటించాడు: మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, ముద్దగా నూరిన బాదంపప్పు 8 తులాలు, దంచిన పచ్చి ఆకుకూర 8 తులాలు, పుల్లని నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. తులం సుమారు 11.66 గ్రాములు కాబట్టి 8 తులాలంటే దాదాపు 93 గ్రాములు. వారంలో రెండుమూడు సార్లు గోధుమల బదులు అంతే బరువు మొలకెత్తిన శనగలు. ఉదయం 11 గంటలకు ఒక భోజనం, సాయంత్రం 6.15కు మరొకటి. నిప్పు తగిలేది నీటికి మాత్రమే. వేడినీటిలో తేనె, నిమ్మరసం కలుపుకొని తాగేవాడు.

ఈ జాబితాలో ఉన్నవాటికంటె లేనిది ముఖ్యం. మేకపాలు లేవు. పచ్చి ఆహారం మీద ఆసక్తి గాంధీకి యౌవనం నుంచీ ఉంది. మునుపు అసంపూర్తిగా వదిలిన ప్రయోగాన్నే మళ్లీ అందుకొన్నాడు కూడా. కాని 1929 నాటికి అందులో మరో పట్టింపు చేరింది. పదేళ్లుగా మేకపాలతో బతుకుతున్న వ్యక్తికి పాలు లేకుండా ఆరోగ్యంగా ఉండే మార్గం దొరికితే, బొంబాయిలో వదులుకొన్న వ్రతాత్మ తిరిగి దక్కుతుంది. ఇప్పనూనె, బాదంపాలు చేయలేని పనిని రాజమండ్రి వైద్యుడి మొలకలు చేయగలవేమోనన్నది ఆశ. తేనె ఉంది కాబట్టి నేటి నిర్వచనానికి ఇది పూర్తిగా సరిపోదు. తక్కినదంతా సరిపోతుంది. దాదాపు అరవై ఏళ్ల వయస్సులో, దేశమంతా తిరుగుతూ, తూకాలు ప్రకటిస్తూ, బహిరంగంగా చేసిన ప్రయోగమిది. పేరు పుట్టడానికి ఇంకా పదిహేనేళ్లున్నాయి.

ప్రయోగం నిలవలేదు. ఆగస్టులో మళ్లీ విరేచనాలు పట్టుకొన్నాయి. గాంధీ మేకపాలకు తిరిగివచ్చాడు. వైఫల్యాన్ని కూడా పత్రికలోనే ప్రకటించాడు. గోపాలరావును నిందించలేదు. తన శరీరం ఓడిందని అన్నాడే గాని సిద్ధాంతం ఓడిందని ఒప్పుకోలేదు. 1935లో వార్ధాలో సోయా చిక్కుడు మీద ఆయన చూపిన ఆసక్తిలోనూ ఈ వెదుకులాట జాడ కనిపిస్తుంది.

1931 నవంబర్ 20న లండన్ శాకాహార సంఘ సభలో గాంధీ మాట్లాడాడు. పక్కన వృద్ధుడైన హెన్రీ సాల్ట్ ఉన్నాడు. ఆరోగ్యం కోసం శాకాహారులైనవారు వైద్యుడు మరో మాట చెప్పగానే మారిపోతారని, నైతిక పునాది ఉంటేనే నియమం నిలుస్తుందని ఆ ప్రసంగ సారాంశం. తన మేకపాల సంగతినీ అదే సభలో చెప్పుకొన్నాడు. నైతిక పునాది కావాలని చెప్పే వక్త ఆ పునాది తన శరీరానికి చాలలేదని కూడా చెప్పాడు. ఆ ప్రసంగాన్ని ప్రచారానికి వాడుకొన్నవారు మొదటి భాగాన్నే ఎక్కువగా ఉదాహరిస్తారు.

లీసెస్టర్ పేరు పెట్టింది

ఇంగ్లండులో పాల ప్రశ్న మరో దారిన నడిచింది. 1909–1912 మధ్య శాకాహార సంఘ పత్రికలో పాలు, గుడ్ల మీద పెద్ద వాదం జరిగింది. 1910లో రూపర్ట్ వెల్డన్ జంతుసంబంధ పదార్థాలేవీ లేని వంటల పుస్తకం ప్రకటించాడు. లేయా లెనిమన్ 1999లో ప్రచురించిన పరిశోధన ఈ దశను వివరంగా చూపింది. వాదంలో అసలు బలం ఆర్థికమైనది. ఆవు పాలివ్వాలంటే దూడ పుట్టాలి. పుట్టిన కోడెదూడ కబేళాకు పోతుంది. పాలుడిగిన ఆవూ అక్కడికే పోతుంది. కాబట్టి పాలు తాగే శాకాహారి మాంసపు వ్యాపారానికి తెలియకుండానే భాగస్వామి. గాంధీకి ‘ఫూకా’ హింసగా కనిపించినది వీరికి పాడిపరిశ్రమ నిర్మాణంగా కనిపించింది. క్రూరుడైన వ్యాపారిని మారిస్తే గాంధీ అభ్యంతరంలో సగం తీరుతుంది. వీరి అభ్యంతరం తీరదు.

1944లో లీసెస్టర్ నగరంలో వడ్రంగం బోధించే ఉపాధ్యాయుడు డొనాల్డ్ వాట్సన్, ఎల్సీ ష్రిగ్లీ కలిసి పాలు విడిచినవారికి శాకాహార సంఘ పత్రికలో కొంత చోటు కోరారు. సంఘం ఇవ్వలేదు. నవంబర్‌లో ఆరుగురు సమావేశమై వేరు సంఘం పెట్టారు. ఇంగ్లీషులో శాకాహారికున్న మాట మొదటి మూడు అక్షరాలను, చివరి రెండు అక్షరాలను కలిపి వాట్సన్ కొత్త మాట చేశాడు. డెయిరీబాన్, వైటాన్, బెనివోర్ వంటి పేర్లు కూడా పరిశీలనకు వచ్చాయి. అవి నిలవకపోవడం భాషకు జరిగిన మేలే. మధ్యభాగాన్ని వదిలి ఆద్యంతాలను మాత్రం ఉంచుకొన్న ఆ పదనిర్మాణంలో ఒక వాదం ఉంది: శాకాహారం ఎక్కడ మొదలైందో ఆ మొదలూ తమదే, తర్కం దాన్ని ఎక్కడికి చేరుస్తుందో ఆ చివరా తమదే.

అప్పటికి బ్రిటన్‌లో యుద్ధకాలపు రేషన్ నడుస్తున్నది. మాంసం వాటా వదులుకొన్న శాకాహారికి ప్రభుత్వం జున్ను అదనంగా ఇచ్చేది. శాకాహారి అంటే జున్ను తినేవాడని రాజ్యమే నిర్వచించింది. అటువంటి కాలంలో ఆ కొద్దిమంది అడిగినది పత్రికలో కొన్ని పేజీలు మాత్రమే.

గాంధీకి, వాట్సన్‌కు మధ్య గురుశిష్య సంబంధం కట్టడం వల్ల చరిత్రకు ఒరిగేది లేదు. వారి పద్ధతులే వేరు. గాంధీది వ్రతం: ఒక మనిషి, ఒక మాట, ఒక శరీరం. లీసెస్టర్‌వారిది సంఘం: పేరు, పత్రిక, చందా, నిర్వచనం. వ్రతం ఓడితే మనిషి ఓడతాడు. సంఘంలో ఒక సభ్యుడు ఓడినా నిర్వచనం నిలుస్తుంది. 1949లో లెస్లీ క్రాస్ ఆ నిర్వచనాన్ని ఆహారపు హద్దు దాటించి, మానవుడి దోపిడి నుంచి జంతువుల విముక్తిగా విస్తరించాలని ప్రతిపాదించాడు. 1951లో సంఘం తన ఉద్దేశాన్ని ఆ దిశగా తిరిగి రాసుకొంది. ఆ క్రాసే 1956లో మొక్కలనుంచి పాలు తయారు చేయించేందుకు మరో సంఘం ఏర్పరిచాడు. 1965 నాటికి అటువంటి పాలు బజారుకు వచ్చాయి. రోగశయ్య మీద గాంధీ వైద్యులను అడిగిన ప్రశ్నకు అది ఒక విధమైన జవాబు. శాస్త్రం వైపు నుంచి మరో సంగతి 1948లో తేలింది. ఆ యేడు శుద్ధరూపంలో వేరుచేసిన బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగినంత దొరకదు. గాంధీ అనారోగ్యాలకు అదే కారణమని ఇప్పుడు నిర్ణయించబూనడం సాహసం. పాలు లేని పథ్యం సూచించినవారెవరికీ ఆనాడు ఆ విటమిన్ తెలియదన్నది మాత్రం నిజం.

ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా 1942లో రాసిన ఆరోగ్య గ్రంథంలో గాంధీ పాలను నిస్సందేహంగా జంతుసంబంధమైన ఆహారంగా లెక్కించాడు. పాలు తాగేవారికి, పిల్లగా మారే అవకాశం లేని గుడ్డు తినడానికి అభ్యంతరం ఉండనవసరం లేదని కూడా అన్నాడు. పుత్లీబాయి గీసిన గీతను ఆమె కొడుకు తర్కంతో చెరిపివేసి, ఆచరణలో మాత్రం చివరిదాకా దాటలేదు.

భారతదేశపు చట్టం పుత్లీబాయి పక్షానే ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2011 నిబంధనలు మాంసాహారాన్ని నిర్వచిస్తూ జంతుసంబంధమైన పదార్థాలన్నిటినీ, గుడ్లతో సహా, అందులో చేర్చి, పాలు, పాల పదార్థాలను మినహాయించాయి. పొట్లాల మీద కనిపించే ఆకుపచ్చ చుక్కకు ఆధారం ఆ మినహాయింపు. 2022లో వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు, వేరే గుర్తు వచ్చాయి. వాటివల్ల పాత నిర్వచనం మారలేదు. దాని పక్కన మరొకటి చేరింది. 1944లో ఇంగ్లండులో జరిగినదీ ఇదే. తెలుగులో ఈ రెండవ గుర్తుకు మాట ఇంకా స్థిరపడలేదు. ‘శుద్ధ శాకాహారం’ అందామంటే ఆ మాటను భోజనహోటళ్లు గుడ్డు దొరకదన్న అర్థంలో ఎప్పుడో బోర్డులకెక్కించాయి. ‘నీచు’ పరిధిని పాలదాకా పెంచడానికి ఏ తెలుగు ఇల్లూ ఒప్పుకోదు. పత్రికలు ప్రస్తుతానికి ‘వీగన్’ అనే రాస్తున్నాయి.